ప్రతిభ, అభ్యాసం, జ్ఞాపకం: నాడీశాస్త్రం చెబుతున్నదేమిటి?

కావ్యం పుట్టడానికి మన ఆలంకారికులు మూడు హేతువులు చెప్పారు: ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం. మూడింటిలో పెద్దపీట ప్రతిభకే. అది సహజమైనదనీ, పూర్వవాసనల వల్ల వస్తుందనీ అన్నారు. అయితే దండి ఆ మాట చెప్పిన చోటే ఇంకో మాట కూడా చెప్పాడు. అలాంటి ప్రతిభ లేకపోయినా, చదువుతోనూ శ్రమతోనూ కొలిచేవాణ్ణి వాగ్దేవి కొంతైనా అనుగ్రహిస్తుందన్నాడు. ఈ రెండో మాటను మన విమర్శ పెద్దగా పట్టించుకోలేదు.

ఇప్పుడు సభల్లో పూర్వజన్మ ప్రస్తావన తగ్గింది. దాని స్థానంలోకి జీన్స్ వచ్చాయి. "కవిత్వం వాళ్ళ జీన్స్‌లోనే ఉంది" అని ఒకరిని పొగుడుతున్నాం. "వాడి జీన్సే అంత" అని మరొకరిని తోసేస్తున్నాం. తలరాతకు సైన్సు చొక్కా తొడిగితే అది సైన్సు అవుతుందా?

నేను సత్తెనపల్లి ప్రాంతంలో పాఠాలు చెప్పుకుంటూ బతికినవాణ్ణి. చుట్టూ పత్తి, మిరప. పత్తి తీతలు, మిరప కోతలు మొదలయ్యాయంటే తరగతిలో బల్లలు ఖాళీ అయ్యేవి. కూలికి పోయే తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోయేవారు. కోతలయ్యాక తిరిగొచ్చిన పిల్లవాడు పద్యం అప్పజెప్పలేకపోతే "మట్టిబుర్ర" అన్న తీర్పు సిద్ధంగా ఉండేది. ఆ తీర్పుకు శాస్త్రంలో ఆధారం ఉందో లేదో తెలియాలంటే, మెదడు ఎలా నేర్చుకుంటుందో ముందు తెలియాలి.

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. అవి సాధారణంగా ఒకదానికొకటి నేరుగా అతుక్కుని ఉండవు. రెండు కణాల మధ్య అతి సన్నని సందు ఉంటుంది. ఒక కణం విడుదల చేసిన రసాయనం ఆ సందు దాటి రెండో కణానికి కబురు చేరవేస్తుంది. ఈ కూడలినే సినాప్స్ అంటారు. మనం నాడీసంధి అందాం. మానసిక సాధన వల్ల కణాల మధ్య సంబంధాలు బలపడవచ్చునని స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కహాల్ 1894లోనే ఊహించాడు. కలిసి పనిచేసే కణాల మధ్య లంకె గట్టిపడుతుందని కెనడాకు చెందిన డోనాల్డ్ హెబ్ 1949లో సిద్ధాంతీకరించాడు. 1973లో బ్లిస్, లోమో అనే ఇద్దరు కుందేలు మెదడులో ఒక నాడీమార్గాన్ని కొద్దిసేపు విద్యుత్తుతో వేగంగా ప్రేరేపించి చూశారు. ఆ తర్వాత గంటల తరబడి అక్కడి సంధుల్లో కబురు మరింత బలంగా అందింది. నడిచేకొద్దీ బాట పడుతుందన్న సంగతి ప్రయోగంలో రుజువైంది. నాడీసంధికున్న ఈ మారే గుణాన్నే ప్లాస్టిసిటీ అంటారు.

అయితే విన్నదంతా ఎందుకు నిలవదు? ఈ ప్రశ్నకు ఎరిక్ కాండెల్ సముద్రపు నత్తలో జవాబు వెతికాడు. అప్లీసియా అనే ఆ నత్తకు ఉన్నవి సుమారు 20,000 నాడీకణాలే. దాని తోకకు ఒక్కసారి షాకిస్తే అది బెదిరి, ఆ తర్వాత మెల్లగా తాకినా మొప్పను గట్టిగా ముడుచుకుంటుంది. ఆ బెదురు కొన్ని నిమిషాలే ఉంటుంది. అదే షాకును విడతలు విడతలుగా నాలుగైదుసార్లు ఇస్తే బెదురు రోజుల తరబడి నిలుస్తుంది. మొదటి సందర్భంలో సంధి దగ్గర అప్పటికే ఉన్న ప్రొటీన్లలో చిన్న రసాయన మార్పు జరుగుతుంది, కాసేపటికి చెరిగిపోతుంది. రెండో సందర్భంలో కబురు కణకేంద్రం దాకా వెళుతుంది. అక్కడ క్రెబ్ అనే ప్రొటీన్ మేలుకుని, నిద్రాణంగా ఉన్న కొన్ని జన్యువులను పనిలోకి దింపుతుంది. వాటి నుంచి ఆర్.ఎన్.ఎ. నకళ్ళు తయారవుతాయి, ఆ నకళ్ళను బట్టి కొత్త ప్రొటీన్లు తయారవుతాయి. ఆ సరుకుతో కొత్త నాడీసంధులు మొలుస్తాయి. దీర్ఘకాలిక శిక్షణ పొందిన నత్తలో ఒక స్పర్శకణానికున్న సంధుల సంఖ్య ఇంచుమించు రెట్టింపయింది. ఈ పరిశోధనలకు కాండెల్‌కు 2000లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఇది నత్తకే పరిమితమైన సంగతి కాదు. కొత్త ప్రొటీన్ల తయారీని మందుతో ఆపితే ఎలుకల్లో జ్ఞాపకం నిలవదని ఫ్లెక్స్‌నర్ బృందం 1963లోనే చూపింది. క్రెబ్‌ను అడ్డుకుంటే పండ్ల ఈగలో దీర్ఘకాలిక జ్ఞాపకం దెబ్బతింటుందనీ, తాత్కాలిక జ్ఞాపకం మాత్రం నిలుస్తుందనీ 1994లో తేలింది.

ఇక్కడ మన తెలుగువాడొకణ్ణి తలుచుకోవాలి. క్రెబ్‌ను మేలుకొలపడమంటే దానికొక ఫాస్ఫేట్ తగిలించడమే. ఆ ఫాస్ఫేట్ ఏ.టి.పి. అనే అణువు నుంచి వస్తుంది. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆ అణువును కనిపెట్టినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ అదే ఏడు వేరుగా కనుగొన్నాడు. ఈ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మొదటిసారి తప్పినప్పుడే ఎవరైనా ఆయన "జీన్స్" మీద తీర్పు చెప్పి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో విద్యార్థులు ఆలోచించాలి.

జన్యువును మనం పుట్టుకతో వచ్చిన ఆజ్ఞగానే ఎరుగుదుం. అది దాని ఒక పాత్ర మాత్రమే. బతికినన్నాళ్ళూ అనుభవానికి బదులు పలకడం దాని రెండో పాత్ర. పాత అచ్చుకూటాల్లో టైపు కేసులుండేవి. కేసులో అక్షరాలున్నంత మాత్రాన పుస్తకం తయారుకాదు. వ్రాతప్రతి రావాలి, కంపోజిటర్ అక్షరాలు ఏరి పేర్చాలి. జన్యువులు కేసులోని అక్షరాలు. ఏవి ఎప్పుడు బయటికి రావాలో నిర్ణయించడంలో మనం చేసిన పనికీ, చదివిన చదువుకూ, పడిన భయానికీ భాగం ఉంది.

విడతల సంగతి కూడా గమనించాలి. ఒక్క రాత్రి బట్టీ కన్నా రోజులు ఎడమిచ్చి చేసిన వల్లె ఎక్కువ కాలం నిలుస్తుందని జర్మనీలో ఎబింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చెప్పాడు. మన వీధిబడి పంతుళ్ళకు ఇది అనుభవంలో తెలిసిందే. కోతల్లో రెండు నెలలు గడిపిన పిల్లవాడు పోగొట్టుకున్నది బుర్రను కాదు, ఈ విడతలను. అయితే ఆ రెండు నెలలూ వాడి మెదడు ఖాళీగా లేదు. ఎర్రని కాయల రాశిలోంచి తాలుకాయను చూపు పడగానే వేరుచేయడం వాడు కల్లంలో నేర్చుకున్నాడు. అదీ నాడీసంధుల్లో జరిగిన మార్పే. పద్యం అప్పజెబితే ప్రతిభ, తాలు ఏరితే కూలిపని అన్న విభజన మెదడు చేసింది కాదు, సమాజం చేసింది.

మనుషుల మీదా పరిశోధనలు జరిగాయి. లండన్‌లో టాక్సీ లైసెన్సు కావాలంటే సుమారు 25,000 వీధులు కంఠస్థం కావాలి. ఆ చదువులో చేరిన 79 మందిని పరీక్షించిన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. మొదట్లో వాళ్ళ మెదళ్ళకూ ఇతరుల మెదళ్ళకూ తేడా లేదు. ఏళ్ళ తర్వాత, నెగ్గిన 39 మందిలో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్ వెనుక భాగం పెరిగింది. మన దేశంలో 21 మంది వేదపండితుల మెదళ్ళను ఇతరులతో పోల్చిన అధ్యయనం 2016లో వచ్చింది. పండితుల మెదళ్ళలో భాషకూ జ్ఞాపకానికీ సంబంధించిన కొన్ని భాగాలు పెద్దవిగా కనిపించాయి. దీన్ని వంశగౌరవానికి సాక్ష్యంగా వాడుకునేవాళ్ళున్నారు. ఏళ్ళ తరబడి వల్లె వేసినవాళ్ళను ఒక్కసారి కొలిచిన కొలత అది. పుట్టుకను గురించి అది ఏమీ చెప్పలేదు.

అలాగని మనం రెండో అంచుకు పోకూడదు. జన్యువుల్లో మనిషికీ మనిషికీ తేడాలే లేవనీ, అనుభవంతో దేన్నయినా మార్చేయవచ్చుననీ అనడం శాస్త్రం కాదు. సోవియట్ యూనియన్‌లో లైసెంకో ఆ దారినే పోయాడు. 1948లో అక్కడ జన్యుశాస్త్రాన్ని అధికారికంగా నిషేధించారు. అంతకుముందే, 1943లో, మహాశాస్త్రజ్ఞుడు వావిలోవ్ జైల్లో చనిపోయాడు. అభ్యుదయవాదులు మరవకూడని చరిత్ర అది. నేర్చుకోవడం జన్యువులను మేలుకొలుపుతుంది కాని వాటిలోని రాతను తిరగరాయదు. తండ్రి నేర్చిన పద్యం కొడుకుకు నెత్తురులో రాదు. పండితుడి కొడుక్కి పద్యం వస్తే, అది వాళ్ళ అరుగు మీద రోజూ వినబడినందువల్ల వచ్చింది. ఆ అరుగు ఎక్కనివ్వని పిల్లవాడికి అది వినే వీలే లేదు.

గుర్రం జాషువా సుబ్బారావు పుట్టిన 1895లోనే ఈ ప్రాంతపు వినుకొండలో పుట్టాడు. అంటరానితనపు అవమానాలు పడుతూనే సంస్కృత కావ్యాలు చదువుకున్నాడు. ఆయన్ని కేవలం "సహజ ప్రతిభావంతుడు" అని మెచ్చుకోవడం ఆయన శ్రమను తక్కువ చేయడమే. ఆయనకు తలుపులు మూసినవాళ్ళను వదిలేయడం కూడా.

అందువల్ల ఒక కవిని గురించి రాసేటప్పుడు విమర్శకులు "ప్రతిభ" అన్న మాట దగ్గర ఆగిపోకూడదని నా విన్నపం. ఆ కవికి ఏ పుస్తకం ఎప్పుడు అందింది, ఎవరు చెప్పారు, ఏ పనుల నడుమ ఎన్ని గంటలు మిగిలాయి, ఏ సభలోకి రానిచ్చారు, ఏ సభలోంచి గెంటారు అన్నవి కూడా సేకరించి రాయాలి. అభ్యాసం కావ్యహేతువేనని ఆలంకారికులు ఏనాడో ఒప్పుకున్నారు. అది మెదడులో ఏ పని చేస్తుందో ఇప్పుడు తెలిసింది. అది అందరికీ సమానంగా ఎందుకు దొరకలేదో చెప్పవలసిన బాధ్యత నాడీశాస్త్రానిది కాదు, మనది.