జలపాతం మీద ఇల్లు!

పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి తెలియని అమెరికా తెలుగువాళ్లు తక్కువే. పిల్లల్ని చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలూ వీలైతే ఓసారి దర్శనం చేసుకునే వస్తారు. ఆ గుడి నుంచి కారులో గంటన్నర వెళ్తే అడవి మధ్యలో ఒక ఇల్లుంటుంది. పేరు ‘ఫాలింగ్‌వాటర్’. ఈసారి వెళ్తే అదీ చూసి రండి.

పిట్స్‌బర్గ్‌లో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ యజమాని ఎడ్గార్ కాఫ్‌మన్. సెలవులొస్తే కుటుంబమంతా బేర్‌రన్ అనే వాగు ఒడ్డుకి చేరేది. జలపాతం పక్కనున్న బండమీద కూర్చుని ఎండ కాచుకోవడం వాళ్లకు సరదా. ఆ జలపాతం ఎదురుగా కనిపించేలా ఇల్లు కావాలని ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్‌ని అడిగాడాయన. అప్పటికి రైట్ దాదాపు డెబ్భయ్యో పడికి దగ్గర్లో ఉన్నాడు. చేతిలో పెద్దగా పనుల్లేవు. 1935లో ప్లాను గీసి చూపిస్తే ఇల్లు జలపాతానికి ఎదురుగా లేదు... సరిగ్గా దానిమీదే ఉంది! నీళ్లను దూరం నుంచి చూడటం కాదు, వాటితో కలిసి బతకాలన్నది రైట్ ఆలోచన.

మనవైపు గుట్టమీద ప్లాటు కొంటే మొదట చేసేది బండల్ని పగలగొట్టించి చదును చేయించడం. జూబ్లీహిల్స్‌లో అలా మాయమైన రాళ్లెన్నో! ఇక్కడ మాత్రం కాఫ్‌మన్‌లు ఎండ కాచుకున్న బండే హాల్లో నెగడుకి అరుగైంది. చుట్టూ పరిచిన రాళ్లకు మైనం పూసి మెరిపించి, ఆ బండను మాత్రం అలాగే వదిలేశారు. దాంతో అది తడి నేలలోంచి పొడిగా పైకి లేచినట్టు కనిపిస్తుంది. గోడలకు వాడింది ఆ చుట్టుపక్కల తీసిన రాయే. కొన్నిచోట్ల కిటికీ అద్దం ఫ్రేము లేకుండా నేరుగా రాతిగోడలోకే దూరుతుంది. దారికి అడ్డొచ్చిన చెట్టుని కొట్టకుండా కాంక్రీటు దూలాన్నే వంపు తిప్పారు. హాల్లోంచి మెట్లు దిగితే కాళ్లకింద వాగే.

ఇంత అందం ఊరికే రాలేదు. కింద పిల్లర్ లేకుండా వాగు మీదికి చొచ్చుకొచ్చిన ఆ స్లాబుల్ని చూసి కాఫ్‌మన్ పిలిపించిన ఇంజినీర్లు భయపడ్డారు. రైట్‌కి కోపమొచ్చింది. వాళ్లేమో గుట్టుగా ఇనుము దాదాపు రెట్టింపు వేయించారు. అదీ మంచిదైంది! సెంట్రింగ్ విప్పగానే స్లాబు అంచు కుంగింది, పగుళ్లూ వచ్చాయి. పైకప్పు కురిసేది. 35 వేల డాలర్లనుకున్న ఖర్చు, అతిథి గృహంతో కలిపి లక్షన్నర దాటింది.

కాఫ్‌మన్ కొడుకు 1963లో ఇంటిని ఒక పరిరక్షణ సంస్థకి ఇచ్చేశాడు. మరుసటేడు నుంచి జనాన్ని లోపలికి రానిస్తున్నారు. 2019లో యునెస్కో జాబితాలోనూ చేరింది. కానీ కుంగడం మాత్రం ఆగలేదు. 1990ల నాటికి టెర్రస్ అంచు దాదాపు 7 అంగుళాలు కిందికి దిగింది. ఇల్లు వాగులో పడకుండా ముందు ఇనుప స్తంభాలు ఆనించారు. 2002లో హాల్లో పరిచిన రాళ్లను తీసి, దూలాల పక్కన ఉక్కు తీగలు బిగించి, రాళ్లను మళ్లీ ఎక్కడివక్కడ పెట్టేశారు. కుంగిన అంచుని మాత్రం పూర్తిగా పైకి లేపలేదు. ఇంకా కుంగకుండా ఆపారంతే. వాగు అవతల నిలబడి పరీక్షగా చూస్తే ఆ వాలు ఇప్పటికీ కనిపిస్తుంది.