తూటా చిల్లు – చిన్నరసం టెంక

పిల్లలూ! విమానం హైజాక్ సినిమాలు మీరు చూసే వుంటారు. 2011లో నాగార్జున నటించిన ‘గగనం’ అలాంటిదే. చెన్నై నుంచి ఢిల్లీ వెళ్ళే విమానాన్ని దుండగులు పట్టుకుంటారు. అది తిరుపతిలో దిగుతుంది. ఇలాంటి సినిమాలు చూస్తున్నంతసేపూ గుండె దడదడలాడుతుంది. చూశాక మాత్రం ఒక ప్రశ్న వేసుకోవాలి: తెరమీద చూపించేవన్నీ నిజంగా జరిగేవేనా?

ముందు తూటా సంగతి చూద్దాం. 1964 నాటి ఇంగ్లీషు సినిమా ‘గోల్డ్‌ఫింగర్’లో తుపాకి పేలి విమానం కిటికీ బద్దలవుతుంది. లావుపాటి విలన్ అందులోంచి బయటికి కొట్టుకుపోతాడు. తూటా చిల్లు పడితే చాలు, లోపలి మనుషులంతా ఎగిరిపోతారని చాలామంది నమ్మడానికి ఇలాంటి దృశ్యాలే కారణం.

ఇందులో నిజమెంతో తేల్చడానికి నూజివీడు మామిడితోటకు వెళదాం. చిన్నరసం ఎలా తింటారు? మెత్తగా పిసికి, ముచ్చిక తీసేసి, ఆ చిల్లు దగ్గర నోరు పెట్టి జుర్రుకుంటారు. చేత్తో నొక్కినప్పుడు లోపల పీడనం పెరుగుతుంది. రసం చిల్లులోంచి బయటికి వస్తుంది. మరి టెంక? అది రాదు. చిల్లు చిన్నది కదా!

విమానమూ అంతే. 35 వేల అడుగుల ఎత్తున గాలి పీడనం నేలమీద వున్నదానిలో సుమారు నాలుగో వంతే. మనం వూపిరి పీల్చడానికి అది చాలదు. అందుకే విమానం లోపలికి గాలిని పంపి పీడనాన్ని ఎక్కువగా వుంచుతారు. లోపలికీ బయటికీ వున్న తేడా వల్ల గోడమీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ దాదాపు అర కిలో ఒత్తిడి పడుతుంది. 9 మిల్లీమీటర్ల తూటా చిల్లు వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు కూడా వుండదు. లెక్క కట్టి చూడండి. ఆ చిల్లును వేలితో మూస్తే వేలిమీద పడే బలం సుమారు 300 గ్రాములు. అంటే ఒక మామిడిపండు బరువు! పైగా లోపలి గాలి మారుతూ వుండటానికి విమానానికి ఒక కవాటం వుంటుంది. అందులోంచి గాలి ఎప్పుడూ బయటికి పోతూనే వుంటుంది. చిన్న చిల్లు పడితే ఈ కవాటం కొంత మూసుకుంటుంది. అంతే!

అయితే కిటికీ మొత్తం వూడితే? అప్పుడు చిల్లు పెద్దది. 35 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు వున్న కిటికీ మీద నాలుగు క్వింటాళ్ళ పైన బలం పడుతుంది. 1990లో ఒక బ్రిటిష్ విమానం ముందు అద్దం వూడిపోయి, కెప్టెన్ సగం శరీరం బయటికి వెళ్ళిపోయింది. తోటి సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని వుండగా విమానం దిగింది. ఆయన బతికాడు.

ఆకాశంలో దుండగుడు తలుపు తెరిచేస్తాడా? పెద్ద విమానాల్లో చాలా తలుపులు సీసాకు లోపలినుంచి బిరడా బిగించినట్టు వుంటాయి. అంత ఎత్తున ఒక్కో తలుపుమీద టన్నులకొద్దీ ఒత్తిడి వుంటుంది. ఏ పహిల్వానూ దాన్ని లోపలికి లాగలేడు.

ఇంకో రకం పొరపాట్లున్నాయి. ఒక షాటులో విమానానికి రెండు ఇంజన్లుంటే, మరో షాటులో నాలుగుంటాయి! సినిమాను వరుసగా తీయరు. లోపలి దృశ్యాలు సెట్టులో తీస్తారు. బయటి దృశ్యాలు ఎక్కడెక్కడివో తెచ్చి అతుకుతారు. 1990లో వచ్చిన ‘డై హార్డ్ 2’ కథ వాషింగ్టన్ విమానాశ్రయంలో జరుగుతుంది. అక్కడి ఫోను మీద మాత్రం దేశానికి ఆ చివరనున్న కాలిఫోర్నియా కంపెనీ పేరు కనిపిస్తుంది! ఇవి నవ్వుకుని వదిలేసే తప్పులు.

కాని ఒక తప్పు ప్రాణాలు తీసింది. దుండగుడు ఎక్కడికి పొమ్మంటే విమానం అక్కడికి పోతుందనుకోవడమే ఆ తప్పు. నూజివీడు నుంచి విజయవాడకు మామిడికాయలు తీసుకెళ్ళే లారీ ఢిల్లీకి సరిపడా డీజిలు పోయించుకుంటుందా? విమానం కూడా ప్రయాణానికి కావలసినంత, దానిపైన అత్యవసరానికి కొంత ఇంధనమే నింపుకుంటుంది. బరువు పెరిగితే ఖర్చు పెరుగుతుంది కదా!

1996 నవంబరు 23న ఇథియోపియా నుంచి నైరోబీకి బయలుదేరిన విమానాన్ని ముగ్గురు పట్టుకుని ఆస్ట్రేలియాకు పొమ్మన్నారు. ఇంధనం చాలదని కెప్టెన్ చెప్పినా వినలేదు. ఆ రకం విమానం 11 గంటలు ఎగరగలదని లోపలి పత్రికలో చదివి, దాన్నే నమ్మారు. ఇంజన్లు ఆగిపోయాయి. కొమొరోస్ దీవుల దగ్గర విమానం సముద్రంలో పడింది. 175 మందిలో 125 మంది చనిపోయారు. పత్రిక అబద్ధం చెప్పలేదు. టాంకులో ఎంత పడుతుందన్నది ఒక లెక్క, ఇప్పుడు ఎంత వుందన్నది మరో లెక్క. వాళ్ళకు ఆ తేడా తెలియలేదు.

ఈసారి హైజాక్ సినిమా చూసేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ఇంజన్లు లెక్కపెట్టండి. చిల్లు ఎంత పెద్దదో, ఇంధనం ఎంత వుందో అడగండి. సినిమా మజా ఏమీ తగ్గదు!