గోడ అర: బరువు మోసేది ఎవరు?

బట్టలుతికే చోట ఏమేమి ఉంటాయో ఒకసారి లెక్కపెట్టండి. సబ్బులు, డిటర్జెంటు పొడి, బ్రష్షు, నీలిమందు, గంజిపొడి, బ్లీచింగు పొడి, క్లిప్పుల బుట్ట! ఇవన్నీ నేలమీద ఉంటే తడుస్తాయి, పసిపిల్లల చేతికి అందుతాయి. నేల చాలని ఇంట్లో మనకు మిగిలేది గోడ. ఒక చెక్క పలక, రెండు ఇనుప బ్రాకెట్లు, కొన్ని స్క్రూలు ఉంటే గోడ అర తయారవుతుంది.

పని చిన్నదే. కాని కొన్ని అరలు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. కొన్ని నెల తిరక్కుండానే ఊడిపడతాయి. రెండిటికీ వాడిన చెక్క ఒకటే, పెట్టిన బరువూ ఒకటే కావచ్చు. మరి తేడా ఎక్కడుంది?

చేసి చూడండి

లీటరు నీళ్ళ సీసాను ఛాతీకి దగ్గరగా పట్టుకోండి. తర్వాత అదే సీసాతో చేతిని ముందుకు చాచండి. కాసేపటికే భుజం లాగుతుంది. సీసా బరువు మారలేదు. భుజంనుంచి దానికున్న దూరం మారింది. బలాన్ని ఈ దూరంతో గుణిస్తే వచ్చేదే బలభ్రామకం.

గోడ అర కూడా చాచిన చెయ్యి వంటిదే. బరువు పెట్టగానే బ్రాకెట్ తన కింది అంచును ఆధారం చేసుకుని ముందుకు ఒరగబోతుంది. కింది అంచు గోడను నొక్కుతుంది. పై స్క్రూను మాత్రం గోడలోంచి బయటికి లాగుతుంది. అర నిలవడమూ, పడడమూ ఎక్కువగా ఆ పై స్క్రూ చేతిలోనే ఉంది.

ఒక లెక్క చేద్దాం. అర వెడల్పు 30 సెంటీమీటర్లు. పలకతో కలిపి బరువు 12 కిలోలు. సామాను సమంగా సర్దితే గరిమనాభి గోడకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. బ్రాకెట్ కింది అంచునుంచి పై స్క్రూ 20 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే:

12 × 15 = లాగే బలం × 20

అంటే పై స్క్రూలన్నీ కలిసి 9 కిలోల బరువుతో సమానమైన లాగుడును తట్టుకోవాలి. ఆ ఎత్తు 10 సెంటీమీటర్లే అయితే లాగుడు 18 కిలోలు. పైగా బరువంతా అర ముందు అంచునే ఉంటే 36 కిలోలు! పెట్టింది 12 కిలోలే, స్క్రూకు తెలిసేది అంతకు మూడింతలు.

ఇందులోంచి మూడు సూత్రాలు వస్తాయి. బ్రాకెట్‌లో పొడవైన కాలు గోడకే ఆనాలి. అర అవసరానికి మించి వెడల్పుగా ఉండకూడదు. బరువైన డబ్బాలు గోడవైపు, తేలికైన క్లిప్పులు ముందువైపు ఉండాలి.

స్క్రూను గోడ ఎలా పట్టుకుంటుంది?

గోడకు పైనున్న సిమెంటు పూత మందం సాధారణంగా 12 నుంచి 20 మిల్లీమీటర్లు. పూతలోనే ఆగిపోయిన స్క్రూ పెచ్చుతో సహా ఊడివస్తుంది. అందుకే రంధ్రం పూతను దాటి ఇటుకలోకి వెళ్ళాలి. అందులో ప్లాస్టిక్ ప్లగ్గు దూర్చి స్క్రూ బిగిస్తే ప్లగ్గు ఉబ్బి, రంధ్రం గోడలను గట్టిగా ఒత్తుతుంది. ఒత్తిడి పెరిగితే ఘర్షణ పెరుగుతుంది. ఆ ఘర్షణే పట్టు! 8 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 8 మిల్లీమీటర్ల రంధ్రమే చేయాలి. రంధ్రం వదులైతే ఘర్షణ ఎక్కడిది?

ఇంగ్లండులో జాన్ రాలింగ్స్ 1911లో రూపొందించిన ప్లగ్గు జనపనారతో చేసింది. జర్మనీకి చెందిన ఆర్టర్ ఫిషర్ 1958లో ప్లాస్టిక్ ప్లగ్గును తయారుచేశాడు.

కొలతలు, గుర్తులు మీరు పెట్టండి. డ్రిల్లింగు పెద్దలకు వదలండి. స్విచ్ బోర్డుకు సరిగ్గా పైనగాని కిందగాని, కుళాయి గొట్టాలు పోయే చోటగాని రంధ్రం చేయకూడదు. లోపల విద్యుత్తు తీగలో, నీటి గొట్టాలో ఉండవచ్చు.

రెండు బ్రాకెట్లూ ఒకే ఎత్తున ఉండాలి కదా? మేస్త్రీల దగ్గరుండే రసమట్టం లేకపోయినా ఫరవాలేదు. పారదర్శకమైన సన్నని గొట్టంలో గాలిబుడగలు లేకుండా నీళ్ళు నింపి, దాని రెండు చివరలనూ గోడకు ఆనించండి. చివరలు తెరిచి ఉంటే రెండువైపులా నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. అక్కడే గుర్తు పెట్టండి.

తడి అనే శత్రువు

ఈ చోట తేమ ఎక్కువ. తుప్పు పట్టడానికి ఇనుముకు గాలి, నీరు రెండూ కావాలి. ఇక్కడ రెండూ సమృద్ధిగా ఉంటాయి. అందుచేత జింకు పూత ఉన్నవో, స్టెయిన్‌లెస్ స్టీలువో వాడాలి. పలకకు ఆరు ముఖాలా రంగు వేయాలి. ముఖ్యంగా కోసిన చివరలను మరవకండి. చెట్టు బతికుండగా నీటిని మోసిన నాళికలు అక్కడే తెరుచుకుని ఉంటాయి.

వాషింగ్ మెషిను ఉంటే దాని మూత పూర్తిగా తెరుచుకునేంత ఎత్తున అర బిగించండి. మెషిను అదురుకు డబ్బాలు జారకుండా ముందు అంచుకు సన్నని పట్టీ కొట్టండి. రెండు మూడు నెలలకొకసారి స్క్రూలు వదులయ్యాయేమో చూడండి.

అరమీద ఉండకూడనిది

స్నానాల గది కడిగే యాసిడ్ సీసాను బ్లీచింగు పొడి పక్కన ఎన్నడూ పెట్టవద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర్ యుద్ధరంగంలో విషవాయువుగా ప్రయోగించింది ఈ క్లోరిన్‌నే. సీసా ఒలికితే చాలు, మూసిన చిన్న గదిలో ఊపిరాడదు. యాసిడ్‌ను వేరే చోట, తాళం ఉన్న పెట్టెలో ఉంచమని ఇంట్లో చెప్పండి.

ఇప్పుడు స్కేలు తీసుకుని మీ ఇంట్లో ఉన్న ఏదైనా అర దగ్గరకు వెళ్ళండి. అర వెడల్పు, బ్రాకెట్ కింది అంచునుంచి పై స్క్రూ ఎత్తు కొలవండి. అరమీది బరువును అంచనా వేసి, పై స్క్రూల మీద పడే లాగుడు ఎంతో కట్టండి. జవాబు ఎక్కువగా వస్తే, ముందు వరుసలోని బరువైన డబ్బాలను గోడవైపు జరపండి. ఖర్చు లేకుండానే అర ఆయుష్షు పెరుగుతుంది!