పంచితే మిగిలింది... పగడం!

మల్లె అంటు, కనకాంబరం నారు, కరివేపాకు పిలక... మన ఆడవాళ్లం ఒకరి పెరట్లోంచి ఇంకొకరి పెరట్లోకి ఎన్ని పంపుకోలేదు! అమెరికా వచ్చాక నేనూ అదే పని చేస్తున్నా. కాకపోతే నేను పంచేవి మొక్కలు కావు, పగడాలు. మెళ్లో వేసుకునేవి కావండోయ్... ఉప్పునీటి అక్వేరియంలో ప్రాణంతో పెరిగే మెత్తటి పగడాలు.

చూడ్డానికి పువ్వుల్లా, పుట్టగొడుగుల్లా ఉన్నా ఇవి జంతువులే. ఎన్నో చిన్న చిన్న జీవులు ఒకే కాడ మీద ఉమ్మడి కాపురం చేస్తాయి. ఒక్కోదానికీ ఎనిమిది చేతులు. రాతిలాంటి గూడు కట్టుకోవు కాబట్టి వీటిని సాఫ్ట్ కోరల్స్ అంటారు. మన దండల్లో గుచ్చే ఎర్ర పగడం కూడా ఈ ఎనిమిది చేతుల వంశంలోదే. చాలా రకాల ఒంట్లో కంటికి కనిపించని నాచు ఉంటుంది. వెలుతురు చూపిస్తే చాలు, అదే వండి పెడుతుంది.

అందం చూసి మోసపోయా

డాలస్ దగ్గర మా ఇంట్లో మొదటి తొట్టె పెట్టిన ఏడాదిలోనే కార్నేషన్ కోరల్ కొనుక్కొచ్చా. కుంకుమరంగు కాలీఫ్లవర్‌లా ఉంటే మనసాగలేదు. రెండు నెలల్లో అది పిడికెడైంది. లైట్లు పెంచా. లాభం లేకపోయింది. తర్వాత చదివితే తెలిసింది, దాని ఒంట్లో నాచు లేదని! ప్రవాహంలో కొట్టుకొచ్చే సూక్ష్మమైన నాచును పట్టి తింటుందని 1995లోనే శాస్త్రవేత్తలు తేల్చారట. సముద్రం దానికి రాత్రింబవళ్లు వడ్డిస్తూనే ఉంటుంది. నేను పూటకో నాలుగు చుక్కలు పోసేదాన్ని. ఎక్కువ పోస్తే నీళ్లు చెడతాయి, తక్కువ పోస్తే దానికి ఆకలి. చివరికి నా కళ్లముందే మాడి చచ్చిపోయింది. తిండి పెట్టలేనిదాన్ని ఇంటికి తేకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నా.

కత్తెర పట్టా

తర్వాత తెచ్చింది పుట్టగొడుగు ఆకారంలో ఉండే సార్కోఫైటాన్. ఇది అప్పుడప్పుడూ ముడుచుకుపోయి, రోజుల తరబడి మైనపు పొర కప్పుకుని కూర్చుంటుంది. చచ్చిందనుకుని పారేసేవాళ్లున్నారు. పాము కుబుసం విడిచినట్టు ఆ పొర వదిలేసి మళ్లీ విచ్చుకుంటుంది. బాగా పెరిగాక గొడుగు అంచును పదునైన బ్లేడుతో కోస్తే, ముక్క ముక్కకూ కొత్త పిల్ల వస్తుంది. తల్లికీ గొడుగు మళ్లీ మొలుస్తుంది.

అయితే మొదటిసారి ఓ పొరపాటు చేశా. కోసిన ముక్కల్ని అలాగే తొట్టెలో వేసేశా. గాయపడితే ఇది విషపు రసాలు వదులుతుంది. పొద్దున్నకి పక్కనున్న పగడాలన్నీ ముడుచుకుపోయాయి. ఇప్పుడు కోత పని వేరే గిన్నెలో ఉప్పునీళ్లు పోసి చేస్తా. ముక్కల్ని బాగా కడిగాకే తొట్టెలోకి పంపుతా. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేస్తా.

నా ముద్దుల జెనియా

అసలు పరీక్ష జెనియాతో మొదలైంది. అరచేతులు మూసి తెరిచినట్టు పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటుంది. దీని చుట్టం హెటెరోజెనియా మీద ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన 2013లో అచ్చయింది. ఈ కదలికతో చుట్టూ చేరిన ఆక్సిజన్ కొట్టుకుపోయి, లోపలి నాచు మరింత బాగా ఆహారం తయారుచేస్తుందట. కొందరి ఇళ్లలో కలుపు మొక్కలా అల్లుకుపోయే జెనియా, ఇంకొందరి ఇళ్లలో ఉన్నట్టుండి కరిగి నీరైపోతుంది. దూరప్రయాణమంటే అసలే గిట్టదు.

దీని ఒళ్లంతా జిగురు కాబట్టి గమ్ అంటదు. దారంతో బిగిస్తే తెగుతుంది. అందుకే ముక్కను చిన్న రాయి మీద పెట్టి, ఇక్కడి పెళ్లికూతుళ్ల మేలిముసుగుకు వాడే పల్చటి వలగుడ్డ కప్పి, రబ్బర్‌బ్యాండ్ వేస్తా. ప్రవాహం తక్కువున్న చోట ఉంచితే వారం పది రోజుల్లో పట్టుకుంటుంది. ఇంకా తేలికైన దారి, తల్లి పక్కన రాయి పెట్టి ఊరుకోవడం. అదే పాకి వస్తుంది.

ఆ మూడు రోజులు

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను మంచుతుపాను ముంచేసింది. మా ఇంట్లో మూడు రోజులు కరెంటు లేదు. తొట్టె నీళ్లు 25 డిగ్రీల నుంచి 15కి దిగిపోయాయి. తొట్టెకు రగ్గులు చుట్టాం. గ్యాస్ పొయ్యి మీద నీళ్లు కాచి, సీసాల్లో పోసి తేలవేశాం. మావారు బ్యాటరీ పంపు పట్టుకుని రాత్రంతా కూర్చున్నారు. నాలుగో రోజు కరెంటు వచ్చేసరికి ఆరేళ్ల తోట బురదై పోయింది. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేను. "ఇక తొట్టె అమ్మేద్దాం" అన్నా.

ఏప్రిల్‌లో అట్లాంటా నుంచి మా వదిన కారులో వచ్చింది. చేతిలో ఐస్‌బాక్సు. అందులో ఐసు లేదు, ఉప్పునీళ్ల సంచిలో నాలుగు జెనియా రాళ్లు! అంతకు ముందు ఏడాది నేనే ఆవిడకు ఒక ముక్క ఇచ్చా.

"అసలూ వడ్డీ రెండూ తెచ్చానమ్మాయ్!" అంది నవ్వుతూ.

నాకు నోట మాట రాలేదు. మర్నాడు పొద్దున ఒక చెయ్యి మూసి తెరుచుకుంది. కాఫీ చల్లారిపోయేదాకా దాని ముందే కూర్చున్నా.

ఇవి మరవొద్దు

కుళాయి నీళ్లు పనికిరావు. శుద్ధి చేసిన ఆర్‌ఓ నీళ్లలో సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి, వంటింటి ఉప్పు కాదు. ఉప్పదనం లీటరుకు 35 గ్రాముల దగ్గర, వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. కోసేటప్పుడు చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

మన దేశంలో దిబ్బలు కట్టే గట్టి పగడాలు, నల్ల పగడాలు, విసనకర్రల్లాంటి సీ ఫ్యాన్లకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. తీరంలో కనిపించినా ఏరి తేకూడదు, ఎవరైనా అమ్మజూపినా కొనకూడదు. సముద్రాలు వేడెక్కి ప్రపంచమంతటా పగడాలు తెల్లబారుతున్నాయనీ, ఇలా జరగడం ఇది నాలుగోసారనీ శాస్త్రవేత్తలు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. అందుకే సముద్రంలోంచి తీసినవి నేను కొనను. ఇళ్లలో కోసి పెంచిన ముక్కలే తీసుకుంటా, అవే పంచుతా.

ఇప్పుడు నా జెనియా ఆరిళ్లలో ఉంది. దాచుకున్నదంతా మూడు రోజుల్లో పోయింది. పంచుకున్న ఒక్క ముక్కే నాకు మిగిలింది!