ఛాయాచిత్ర ప్రదర్శన – కదలికలో ఔచిత్యం

ఏ విద్యాసంస్థలోనైనా వార్షికోత్సవం జరిగినప్పుడు, ఉపన్యాసాలు ముగిసి సాంస్కృతిక కార్యక్రమాలు మొదలయ్యే లోపల దీపాలు ఆర్పి తెరమీద ఛాయాచిత్రాలను చూపడం ఈనాడు ఆచారంగా మారింది. ఏడాది పొడవునా జరిగిన ఆటల పోటీలు, విహారయాత్రలు, రక్తదాన శిబిరాలు, ముషాయిరాలు, వీడ్కోలు సభలు ఆ కొద్ది నిమిషాల్లో మన కళ్లముందు సాగిపోతాయి. ఈ స్లైడ్ షోను తయారుచేసే పని సాధారణంగా కంప్యూటరు తెలిసిన ఇద్దరు ముగ్గురు విద్యార్థులమీద పడుతుంది. గత సంవత్సరం ఆ భారం మామీద పడింది. అందులో మేము చేసిన ఒక పొరపాటు, ఆ తరువాత చదివి తెలుసుకున్న కొన్ని సంగతులు ఈ వ్యాసానికి ప్రేరణ.

మా కళాశాలలో చాలా ఏళ్లు అటెండరుగా పనిచేసిన ఒక పెద్దాయన ఆ ఏడాది కన్నుమూశారు. విద్యార్థులందరికీ ఆయన ‘చాచా’. ఆయన చిత్రాన్ని ప్రదర్శన చివర చేర్చాము. ఒక చిత్రం పోయి మరొకటి వచ్చేటప్పుడు కలిగే మార్పును ట్రాన్సిషన్ అంటారు. ప్రతి చిత్రానికీ ఒక కొత్త రకం మార్పు ఉంటే కళగా ఉంటుందని తలచి, యంత్రమే తనకు తోచినదాన్ని ఎంచుకునే ‘రాండమ్’ అనే ఏర్పాటును అన్నిటికీ వర్తింపజేశాము. ఆ ఏర్పాటు ఒకసారి చేసింది మరొకసారి చేయదన్న సంగతి మాకు తట్టలేదు. ముందురోజు చూసుకున్నప్పుడు మెల్లగా తేలివచ్చిన చాచా చిత్రం, సభలో గిరగిరా తిరుగుతూ వచ్చి తెరమీద నిలిచింది. వెనుక వరుసల్లో నవ్వులు వినిపించాయి. ముందు వరుసలో కూర్చున్న ఆయన కుమారుడు తల వంచుకున్నాడు. ఎవరూ మమ్మల్ని మందలించలేదు. సభ ముగిసిన తరువాత మా ఉర్దూ అధ్యాపకులు మాత్రం దగ్గరకు వచ్చి, “బేటా, మనిషి ఫోటో బొంగరం కాదు” అని చెప్పి వెళ్లిపోయారు.

ఆ ఒక్క మాట మమ్మల్ని చాలాకాలం వెంటాడింది. చిత్రం ఎలా వస్తుందనేది అలంకారం మాత్రమే కాదనీ, దానికి ఒక అర్థం ఉందనీ అప్పుడు గ్రహించాము.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు

తెరమీద వెలుగుతో బొమ్మలు చూపే ‘మ్యాజిక్ లాంతరు’ను డచ్చి శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ 1659 ప్రాంతంలో రూపొందించాడు. గాజుపలకమీద బొమ్మ, వెనుక దీపం, ముందు కటకం. అంతే దాని నిర్మాణం. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని ప్రదర్శకులు రెండు లాంతర్లను ఒకే తెరమీదికి గురిపెట్టి, ఒకదాని వెలుగును తగ్గిస్తూ రెండవదాని వెలుగును పెంచసాగారు. పగటి దృశ్యం కరిగి రాత్రిగా మారేది. వేసవి కరిగి మంచుకాలం అయ్యేది. నేడు మనం ‘డిజాల్వ్’ అనీ ‘ఫేడ్’ అనీ పిలిచే మార్పుకు మూలపురుషుడు ఆ జంట లాంతరే. అది ఊరక పుట్టిన వింత కాదు; కాలం గడిచిందని చెప్పడానికి అది ఒక సాధనమయింది.

తరువాత ఫిల్ము స్లైడ్ల కాలం వచ్చింది. 1961లో కొడాక్ సంస్థ విడుదల చేసిన ‘కరౌసెల్’ ప్రొజెక్టరులో గుండ్రని పళ్లెంలో 80 స్లైడ్లు అమర్చేవారు. ఒక స్లైడు పైకి లేచి మరొకటి దిగే లోపల తెర ఒక్క క్షణం చీకటయ్యేది. ఆ చీకటిలో చూపరి రెప్పవేసి, తదుపరి చిత్రానికి సిద్ధపడేవాడు. కొడాక్ 2004లో స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీ నిలిపివేసింది. ఈలోగా 1987లో పవర్‌పాయింట్ వెలువడింది. నాటి యంత్రం చేయగలిగింది ఒక్క మార్పే. నేటి యంత్రం పదుల కొద్దీ మార్పులు చేయగలదు. చేయగలిగినవన్నీ చేసి తీరాలనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

మార్పులకూ వ్యాకరణం ఉంది

వాక్యంలో కామాకు, పూర్ణవిరామానికి, పేరా విడదీయడానికి వేర్వేరు ప్రయోజనాలు ఉన్నట్లే, చిత్రాల మధ్య మార్పులకు కూడా వేర్వేరు ప్రయోజనాలు ఉన్నాయి.

మొదటిది ఏ హంగూ లేకుండా ఒక చిత్రం స్థానంలో మరొకటి నిలవడం. దీనినే ‘కట్’ అంటారు. ఒకే సంఘటనకు చెందిన చిత్రాలకు ఇది చాలు. కబడ్డీ పోటీలో కూత, పట్టు, గెలుపు వరుసగా చూపేటప్పుడు మధ్యలో వేరే అలంకారం పెట్టడం ఆటను ఆపడమే అవుతుంది.

రెండవది ఒకటి కరుగుతూ మరొకటి తేలడం. కాలమో స్థలమో మారినప్పుడు ఇది తగినది. కళాశాల పాత భవనం చిత్రం కరిగి, అదే చోటినుంచి తీసిన కొత్త భవనం చిత్రం తేలితే, మాట అవసరం లేకుండానే గడిచిన సంవత్సరాలు కనిపిస్తాయి. ఇందుకు సుమారు ఒక సెకను వ్యవధి చాలును. మూడు సెకన్లు సాగదీస్తే రెండు ముఖాలు ఒకదానిలో ఒకటి కలిసి వికారంగా తోస్తాయి.

మూడవది చిత్రం పూర్తిగా చీకటిలో కలిసి, ఆ చీకటిలోనుంచి మరొకటి రావడం. ఇది అధ్యాయం ముగింపు వంటిది. మొత్తం ప్రదర్శనలో రెండు మూడు చోట్లకు మించి దీనిని వాడరాదు. మేము చాచా చిత్రానికి ముందు వాడవలసింది ఇదే.

నాలుగవది తెర తుడిచినట్లు ఒక పక్కనుంచి మార్పు రావడం, లేదా కొత్త చిత్రం పాతదానిని నెట్టుకుంటూ రావడం. వీటిని ‘వైప్’, ‘పుష్’ అంటారు. ఇవి కంటికి కొట్టవచ్చినట్లు కనిపిస్తాయి కనుక, వరుసక్రమాన్ని తెలిపే చోట్ల, ఉల్లాసమైన ఘట్టాల్లో మితంగా వాడుకోవచ్చు. ఇక గడులు గడులుగా విడిపోవడం, బంతిలా ఎగరడం, సుడి తిరగడం వంటివాటితో మనకు దాదాపు పని లేదు.

ముషాయిరాలో శాయరు మొదటి మిస్రాను చదివి, దానినే మళ్లీ చదివి, సభను కాస్త ఎదురుచూడనిచ్చి, ఆపైన రెండవ మిస్రాను అందిస్తాడు. ఆ నిరీక్షణే షేరుకు బలం. చిత్రాల మధ్య మార్పు కూడా ఆ నిరీక్షణ వంటిది. శాయరు ఆ సందులో గంతులు వేస్తే షేరు మిగలదు.

నిశ్చల చిత్రానికి చలనం

ఇక రెండవ విషయం, చిత్రంలోపలి కదలిక. కదలని ఫోటోమీద మెల్లగా దగ్గరకు పోవడం, దూరంగా జరగడం, ఒక కొసనుంచి మరొక కొసకు సాగడం నేడు చాలామందికి తెలిసినదే. 1957లో కెనడా జాతీయ చలనచిత్ర మండలి ‘సిటీ ఆఫ్ గోల్డ్’ అనే లఘుచిత్రాన్ని వెలువరించింది. కోలిన్ లో, వుల్ఫ్ కోనిగ్ దాని దర్శకులు. 1890ల చివర బంగారం కోసం జనం ఎగబడిన డాసన్ నగరపు పాత ఫోటోలమీద కెమెరాను అతి మెల్లగా నడిపి, వారు ఆ ఊరికి మళ్లీ ప్రాణం పోశారు. ఆ పద్ధతిని అందిపుచ్చుకున్న అమెరికా దర్శకుడు కెన్ బర్న్స్ 1990లో తమ దేశపు అంతర్యుద్ధంమీద తీసిన ధారావాహికలో దానిని విస్తారంగా వాడాడు. తరువాత ఆపిల్ సంస్థ తన ఐమూవీ సాఫ్ట్‌వేరులో ఈ కదలికకు ఆయన పేరే పెట్టింది.

ఆ దర్శకుల పనిలో మనం గమనించవలసింది ఒకటుంది. వారి కెమెరా కారణం లేకుండా కదలదు. దగ్గరకు పోవడం అంటే “ఇతనిని చూడండి” అని వేలు చూపడం. దూరం జరగడం అంటే “ఇతను ఎవరి మధ్య ఉన్నాడో చూడండి” అనడం. తరగతి గ్రూపు ఫోటోలో మొదట ఒక విద్యార్థిని ముఖాన్ని చూపి, మెల్లగా దూరం జరిగి నలభైమందినీ చూపితే అందులో ఒక కథ ఉంది. ఆ ఫోటోమీదనే పైకీ కిందికీ తిరిగితే కథ లేదు, తలతిప్పు మాత్రమే ఉంది.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజుపలకలమీద తీసిన చిత్రాలను మనలో చాలామంది చూసే ఉంటారు. భవనాలు, దర్బారులు, వేట శిబిరాలు; ప్రతిదానిలో ఒక నిశ్చలత ఉంది. అటువంటి చిత్రాన్ని తెరకెక్కించినప్పుడు ఆరు సెకన్ల కాలంలో పదింట ఒక వంతుకు మించి పెద్దది చేయకపోవడం మంచిది. చూపరికి కదలిక తెలియకూడదు. చూపు మాత్రం చేరవలసిన చోటికి చేరాలి.

ఇక్కడ ఒక సాంకేతిక జాగ్రత్త కూడా అవసరం. తెర 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గలదనుకుందాం. చిత్రాన్ని ఒకటిన్నర రెట్లు దగ్గరకు తేవాలంటే, మూలచిత్రం కనీసం 2880 చుక్కల వెడల్పు, 1620 చుక్కల ఎత్తు ఉండాలి. లేకుంటే ముఖాలు అలికినట్లు అవుతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో బాగా కుదించబడి వస్తుంది. అందువల్ల తీసినవారి దగ్గరనుంచి అసలు ఫైలునే తెచ్చుకోవాలి.

రెండు లిపులు, రెండు దిక్కులు

ఉర్దూ, తెలుగు రెండూ నడిచే మనవంటి కళాశాలలు ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. తెలుగు ఎడమనుంచి కుడికి సాగుతుంది. ఉర్దూ కుడినుంచి ఎడమకు సాగుతుంది. తెలుగు శీర్షికను కుడివైపునుంచి తుడుస్తూ చూపితే వాక్యం చివరి మాట ముందు కనిపిస్తుంది. ఉర్దూ శీర్షికను ఎడమనుంచి చూపితే అదే దోషం. కనుక తెలుగు పంక్తి ఎడమనుంచి, ఉర్దూ పంక్తి కుడినుంచి తెరుచుకోవాలి. రెండూ ఒకే స్లైడుమీద ఉంటే ఏ దిక్కూ లేని ఫేడ్ ఒక్కటే ఇద్దరికీ న్యాయం చేస్తుంది.

అక్షరం తరువాత అక్షరం వచ్చి పడే ఏర్పాటు రెండు లిపులకూ తగదు. ఉర్దూలో అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసి రూపం మార్చుకుంటాయి. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. పంక్తి మొత్తం ఒకేసారి రావడమే సబబు. గ్రూపు ఫోటో కింద పేర్లను తెలుగువారు ‘ఎడమనుంచి కుడికి’ అని రాస్తారు, ఉర్దూవారు ‘దాయేఁ సే బాయేఁ’ అని కుడినుంచి మొదలుపెడతారు. ఆ ఫోటోమీద కెమెరా నడిచే దిక్కు, చదివే పేర్ల వరుస ఒకటే అయి ఉండాలి. లేకుంటే ఒకరి ముఖంమీద మరొకరి పేరు పడుతుంది.

కాలపరిమితి, కంటి క్షేమం

ఒక్కొక్క చిత్రానికి ఐదు సెకన్ల చొప్పున 80 చిత్రాలకు 400 సెకన్లు, అంటే 6 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. సభ ఓపికకు అది హద్దు. చిత్రాలు ఎక్కువైనప్పుడు వ్యవధి తగ్గించడం కంటే చిత్రాలను తగ్గించడమే మేలు. ఎక్కువమంది ఉన్న ఫోటోకు ఏడెనిమిది సెకన్లు ఇవ్వాలి. ప్రతివాడూ తనను తాను వెతుక్కుంటాడు కదా!

వేగంగా వెలిగి ఆరే మెరుపులు వినోదం కావు, ప్రమాదం. 1997 డిసెంబరులో జపానులో ఒక పోకెమాన్ భాగం ప్రసారమైనప్పుడు ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మారడంవల్ల ఆరువందలకు పైగా ప్రేక్షకులు, ముఖ్యంగా పిల్లలు, ఆసుపత్రుల పాలయ్యారు. సెకనుకు మూడుసార్లకు మించి తెర మెరవరాదనేది నేడు అంతర్జాతీయంగా పాటించే నియమం. మూర్ఛవ్యాధి ఉన్న విద్యార్థి మన సభలో ఉన్నాడో లేడో మనకు తెలియదు. కనుక మెరుపులను పూర్తిగా మానుకోవడమే ధర్మం.

ఔచిత్యమే ప్రాణం

11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు. మొలనూలు మెడలో, హారం నడుముకు ధరించినవారిని చూసి లోకం నవ్వదా అన్నది ఆయన ప్రశ్నల సారాంశం. ఆ నగలు చెడ్డవి కావు. ఉండవలసిన చోట లేవు, అంతే. మా సుడి తిరిగే మార్పు కూడా అంతే. ఫ్రెషర్స్ స్వాగత సభలో అది ఒక చిరునవ్వు తెప్పించి ఉండేది. చాచా ముఖంమీద అది అపచారమయింది.

ఈ సందర్భంగా కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపాలు మూడు. ప్రదర్శనను సభకు కనీసం రెండు రోజుల ముందు, అదే హాలులో, అదే ప్రొజెక్టరుమీద ఒక అధ్యాపకుని సమక్షంలో చూడాలి. రాండమ్ ఏర్పాటును నిషేధించాలి. దివంగతుల చిత్రాలను ముందుగా వారి కుటుంబంలో ఒకరికి చూపి, వారు ఇష్టపడిన ఫోటోనే వాడాలి. ఆ చిత్రం ఏ కదలికా లేకుండా, ఏ ధ్వనీ లేకుండా, పది సెకన్లు నిలవాలి.

మేము ఆ తరువాత చాచా కుమారుని ఇంటికి వెళ్లి క్షమాపణ కోరాము. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, తండ్రి ఫోటో మరొకటి తీసి చూపారు. కళాశాల గేటు దగ్గర, చేతిలో గంట కొట్టే సుత్తితో నిలబడిన చాచా. ఈ ఏడాది ప్రదర్శన చేయబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ ఫోటోను అందజేశాము. దానికి ఏ ట్రాన్సిషనూ పెట్టవద్దని కోరుతున్నాము.