రక్తానికి తాకీదు

తాండూరు కందిపప్పు పేరెరుగని గృహిణి మన శ్రోతలలో ఉండదు. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. అందులో మాంసకృత్తులతో పాటు ఫోలేటు అనే విటమిను ఉన్నది. అది లేనిదే ఎముకల మూలుగలోని కణం సక్రమంగా రెండు కాజాలదు. అయితే, సామాను నిండుగా ఉన్నంత మాత్రాన వంట దానంతటది సాగదు గదా! ఎందరికి వండవలెనో ఒకరు చెప్పవలెను.

ఆరోగ్యవంతుని మూలుగలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు తయారవుతున్నవి. ఈ పనికి తాకీదు పంపేది ముఖ్యంగా మూత్రపిండం. తనకు చేరే ప్రాణవాయువు తగ్గగానే అది ఎరిత్రోపోయిటిన్ అనే పదార్థాన్ని రక్తంలోనికి వదలుతుంది. ఇటువంటి వాటినే వృద్ధికారకాలంటారు. అది పిల్లకణం పైపొరలోని గ్రాహకాన్ని అంటుకొన్నంతనే, లోపల జాక్ 2 అనే ఎంజైము మేలుకొని కబురును కణకేంద్రం వైపు నడిపిస్తుంది. కణం బ్రతికి, విభజన పొంది, పక్వమవుతుంది. పని ముగిసిన వెంటనే ఆ కబురు ఆరిపోవుట కూడా అంతే అవసరం.

కొందరిలో జాక్ 2లో ఒకే ఒక అమైనో ఆమ్లం మారిపోతుంది. అప్పుడు తాకీదు రాకున్నను వచ్చినట్లే పని సాగి, ఎర్రకణాలు మితిమీరి రక్తం చిక్కబడుతుంది. ఇది 2005లో తెలిసిన సంగతి. ఒక తరహా ల్యుకేమియాలోనయితే 9, 22 సంఖ్యల క్రోమోజోములు ముక్కలు మార్చుకొని, ఆరని సంకేతాన్ని పుట్టిస్తవి. దానిని అణచే ఇమాటినిబ్ 2001లో వాడుకలోనికి వచ్చినది.

ఈ సంకేతాల గుట్టు తెలియని నాడే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మరొక దారి పట్టినారు. తాకీదును ఆపలేకపోయినా సరకును ఆపవచ్చును. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. బోస్టనులో సిడ్నీ ఫార్బరు ఆ జాతి పదార్థాలను ల్యుకేమియా పిల్లలకు ఇవ్వగా వ్యాధి మరింత ఉరికినట్లు తోచినది. అందుచేత, ఫోలిక్ ఆమ్లం వేషం ధరించి కణాన్ని మోసగించే ఆమినోప్టెరిన్‌ను సుబ్బారావుగారి బృందం అందించినది. 1948 జూనులో వెల్లడైన ఫలితాలలో 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించినది. అది తాత్కాలికమే. అయినా అంతకు ముందు అదీ లేదు! ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసినారు. ఆ కుటుంబంలోనిదే అయిన మెథోట్రెక్సేటు నేటికీ బాలల ల్యుకేమియా చికిత్సలో ఉన్నది.

వికారాబాదులో గాని తాండూరులో గాని బిడ్డ పాలిపోతే ముందుగా బలం మందు సీసా కొనుట పరిపాటి. మేము దానిని ఎగతాళి చేయము. రక్తహీనతకు తరచు ఇనుము లోపమే కారణం. కాని జ్వరం వదలక, ఒంటిపై కమిలిన మచ్చలు, చిగుళ్ళ నుండి రక్తం, ఎముకల నొప్పి కూడా ఉన్నప్పుడు సీసాతో కాలం గడపరాదు. రక్తకణాల లెక్క తీయించవలెను. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, మూడింటి సంఖ్యా ఒకే కాగితంలో వస్తుంది. అనుమానం కలిగితే హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. వికారాబాదు జంక్షను నుండి అక్కడికి రైలులో పోవచ్చును.