కెమెరా సంచిలో ఆరు లక్షలు

కెమెరా బాడీ 2,20,000 రూపాయలు. రెండు లెన్సులకు 2,60,000. ల్యాప్‌టాప్ 1,20,000. అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలుండి, పనిలో పనిగా యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ ఫొటోలు తీసుకోవాలనుకునే రిటైర్డ్ ఉద్యోగి సంచి ఇలా ఉంటుందనుకుందాం. మొత్తం 6 లక్షలు. ప్రయాణ బీమా కొనేటప్పుడు ఏజెంటు 50,000 డాలర్లనో, లక్ష డాలర్లనో చూపిస్తాడు. అది ఆసుపత్రి ఖర్చుల అంకె. కెమెరాకు అందులోంచి ఒక్క డాలరు కూడా రాదు.

సామాన్లకు సంబంధించిన వరుస ఆ కాగితంలో ఇంకా కింద ఉంటుంది. చెక్-ఇన్ బ్యాగేజీ పోతే 1,000 డాలర్లు అని ఉందనుకోండి. మన దేశంలో అమ్మే చాలా పాలసీల్లో దానికి రెండు పరిమితులుంటాయి: ఒక్కో పెట్టెకు సగం, ఒక్కో వస్తువుకు పదో వంతు. అంటే ఒక వస్తువుకు 100 డాలర్లు దాటదు. ఆపైన మినహాయింపుల పేజీలో నగలు, నగదుతో పాటు కెమెరాలు, ఎలక్ట్రానిక్ పరికరాలు అని రాసి ఉంటే ఆ 100 డాలర్లు కూడా పోయినట్టే. సరే, చేతి సంచిలో పెట్టుకుందాం అంటారా? ఈ కవర్ పేరులోనే చెక్-ఇన్ అని ఉంది, క్యాబిన్‌లోకి తీసుకెళ్లే సంచికి అది వర్తించదు. పెట్టెలో పెడితే మినహాయింపు, చేతిలో ఉంటే కవరే లేదు. నా దృష్టిలో ఈ పాలసీల్లో అన్నిటికంటే ముందు చెప్పాల్సిన సంగతి ఇదే. కానీ అమ్మేటప్పుడు దీన్ని నోరు విప్పి చెప్పేవాళ్లు అరుదు.

విమాన సంస్థ మాటేమిటి? అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. భారత్ అందులో 2009లో చేరింది. ప్రయాణికుడి సామాన్లకు ఇచ్చే గరిష్ఠ పరిహారం 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఇది అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కించే యూనిట్. ఒక్కోటి 120 రూపాయలు అనుకుంటే మొత్తం సుమారు 1,82,000. బట్టలు, పచ్చళ్లు, కెమెరా అన్నీ కలిపి అంతే. అదీ గరిష్ఠం మాత్రమే, జరిగిన నష్టం రుజువు చేసుకోవాలి. చేతి సంచి విషయంలోనైతే తప్పు విమాన సంస్థదని తేలితేనే బాధ్యత. పక్క ప్రయాణికుడు ఎత్తుకుపోతే ఆ దారీ మూసుకున్నట్టే. చెక్-ఇన్ చేసిన పెట్టె దెబ్బతింటే 7 రోజుల్లోపు, ఆలస్యంగా అందితే అందిన రోజు నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కోర్టుకు వెళ్లడానికి గడువు 2 ఏళ్లు.

పాలసీ ఏమన్నా సరే, పరికరాలు చేతిలోనే ఉండాలి. విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ పెట్టెలో పెట్టడం ఎలాగూ నిషేధం. కెమెరా బ్యాటరీ 16 వాట్-అవర్ల చుట్టూ ఉంటుంది, 100 వాట్-అవర్ల దాకా అడిగేవాళ్లు లేరు. ఇక బరువు. ఎకానమీలో చాలా సంస్థల పరిమితి 7 కిలోలు. ఉదాహరణకు సోనీ ఎ7 ఫోర్ బాడీ బ్యాటరీ, కార్డుతో కలిపి 658 గ్రాములు, 24-70 జీఎం టూ లెన్సు 695, 70-200 జీఎం టూ 1,045. పదమూడు అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ 1,240. కలిపితే 3,638 గ్రాములు. సంచి బరువు 2 కిలోలనుకున్నా ఇంకా కిలోకు పైగా మిగులుతుంది.

ఇక అసలు కవర్ ఎక్కడ దొరుకుతుంది? సాధారణ బీమా సంస్థల దగ్గర ఆల్ రిస్క్ పాలసీ అని అడగాలి. కెమెరా, లెన్సు, ల్యాప్‌టాప్‌లను సీరియల్ నంబర్లతో సహా విడివిడిగా రాయిస్తారు. భారత్‌కే పరిమితమైన పాలసీ అయితే ప్రపంచమంతటికీ వర్తించేలా అదనపు ప్రీమియం కట్టి పొడిగించుకోవాలి. ఆ మాట పాలసీ షెడ్యూల్ మీద అచ్చయి ఉండాలి, ఫోనులో చెప్పింది చాలదు. ప్రీమియం తగ్గించుకుందామని 6 లక్షల సరుకును 4 లక్షలకే బీమా చేయిస్తే యావరేజ్ క్లాజు వర్తిస్తుంది. అప్పుడు 90,000 నష్టానికి మూడింట రెండు వంతులే, అంటే 60,000 ఇస్తారు. అందులోంచి మన వాటాగా భరించాల్సింది మళ్లీ తీసేస్తారు. పరిహారం కొత్త వస్తువు ధరకా, తరుగుదల పోగా మిగిలిన విలువకా అన్నది కూడా ముందే అడగాలి. నాలుగేళ్ల కెమెరాకు ఈ రెండింటి మధ్య తేడా చాలా ఉంటుంది. మనిషి లేని కారులో వదిలిన సంచి, ఎక్కడ పోయిందో చెప్పలేని వస్తువు, ఈ రెండూ క్లెయిములు తిరస్కరించడానికి మామూలుగా చూపే కారణాలు. డాలస్‌లో పెళ్లి ఫొటోలు తీయడానికి వెళ్లేవాళ్లు అది వృత్తి అని ముందే చెప్పాలి. సొంత వాడకానికని తీసుకున్న పాలసీ అక్కడ నిలవదు.

ఆరు నెలలంటే ఎన్ని రోజులు? జూలై 1 నుంచి డిసెంబరు 31 దాకా లెక్కపెడితే 184. ప్రయాణ పాలసీ 180 రోజులదైతే చివరి నాలుగు రోజులు, తిరుగు ప్రయాణంతో సహా, ఏ రక్షణా ఉండదు. పొడిగింపు అడగాల్సింది గడువు తీరకముందే.

అమెరికాలో అద్దెకుండే మన విద్యార్థుల్లో చాలామందికి రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉంటుంది. దొంగతనానికి అది సాధారణంగా ఇంటి బయట, విదేశాల్లో కూడా పనిచేస్తుంది. సెలవులకు ఇంటికొస్తూ విజయవాడ రైల్లో ల్యాప్‌టాప్ ఎవరైనా దొంగిలించినా క్లెయిము చేయొచ్చు. అయితే డిడక్టిబుల్, అంటే మన వాటాగా భరించాల్సింది, 500 డాలర్లనుకోండి. 1,200 డాలర్లకు కొన్న ల్యాప్‌టాప్ విలువ మూడేళ్లకు 450 అని తేల్చితే చేతికొచ్చేది సున్నా. కొత్తదాని ధర ఇచ్చే రకం పాలసీ అయితే 700 వస్తాయి. చేయి జారి పగిలితే మామూలు రెంటర్స్ పాలసీలో ఏమీ రాదు. దానికి వస్తువు పేరు రాయించుకునే పర్సనల్ ఆర్టికల్స్ పాలసీ కావాలి. ఏడాది ప్రీమియం సాధారణంగా వస్తువు విలువలో 1 నుంచి 2 శాతం, అంటే 5,000 డాలర్ల సామగ్రికి 50 నుంచి 100. పిల్లల పాలసీ చూడటానికొచ్చిన అమ్మానాన్నల కెమెరాను కూడా కాపాడుతుందని అనుకోవద్దు. అది ప్రధానంగా పాలసీలో పేరున్నవాళ్లకు, అదే ఇంట్లో స్థిరంగా ఉండే బంధువులకు.

బయల్దేరే ముందు ఒక్క సాయంత్రం కేటాయించి బిల్లులు, సీరియల్ నంబర్ల ఫొటోలు, ఫోను ఐఎంఈఐ అన్నీ ఈ-మెయిల్‌లో దాచుకోండి. అవి పోయే సంచిలోనే ఉంటే ఉపయోగం లేదు. దొంగతనం జరిగితే పోలీసు రిపోర్టుకు చాలా పాలసీలు 24 గంటలే ఇస్తాయి. ఇక శంషాబాద్‌లో విమానం ఎక్కేముందు, పెట్టెలు చెక్-ఇన్ చేయకముందే, కస్టమ్స్ కౌంటర్లో పరికరాలు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. తిరిగి వచ్చినప్పుడు అదే కెమెరాను విదేశంలో కొన్నారని సుంకం అడగకుండా ఆ కాగితం ఆధారంగా నిలుస్తుంది. సీరియల్ నంబర్ సరిగ్గా రాశారో లేదో కౌంటరు దగ్గరే సరిచూసుకోండి.